చిన్నల్లుడి ఎక్కిళ్ళు

వెలుగులో మచ్చ కనబడితే చిన్నల్లుడికి ఎక్కిళ్ళు వచ్చేవి.

నమ్మకపోతే మీ ఇష్టం. కారం తగిలితే కొందరికి వస్తాయి, నవ్వు ఎక్కువైతే కొందరికి వస్తాయి. ఈయనకి మాత్రం ఏ దుకాణం బోర్డయినా ఒకచోట భగ్గుమని, పక్కనే వెలవెలబోతూ కనబడితే చాలు, గొంతులోంచి "హిక్!" మని వచ్చేది. ఆ మచ్చ కంటి ముందు నుంచి తొలగేదాకా ఎక్కిళ్ళూ తొలగేవి కావు. మంచినీళ్ళు, పంచదార, వీపు మీద చరుపు, "అదిగో పాము!" అని బెదిరించడం, అన్నీ అయిపోయాయి. ఏదీ పనిచేయలేదు.

ఇది చూసి అందరూ నవ్వుకున్నారు. పెద్దల్లుడు ఒక్కడే కుళ్ళుకున్నాడు.

ఎక్కిళ్ళు చూసి కుళ్ళుకోవడమేమిటంటారేమో, అసలు సంగతి వినండి. మామగారిది లైటు బోర్డుల దుకాణం. ముందు గది బేరాలకి, వెనక షెడ్డు పనికి. రేకుతో పెట్టె చేసి, లోపల ఎల్‌ఈడీ దీపాలు అతికించి, ముందు పాలరంగు అక్రిలిక్ షీటు బిగిస్తే దాన్ని లైట్ బాక్సు అంటారు. షీటు ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒకేలా వెలిగితే అది మంచి పెట్టె. వెనకున్న దీపాలు చుక్కలు చుక్కలుగా బయటికి తొంగిచూస్తే చెడ్డ పెట్టె. ఉన్నదంతా ఈ కాస్త శాస్త్రమే, దీని మీదే రెండు కుటుంబాలు బతుకుతున్నాయి.

పెద్దల్లుడు ట్యూబులైట్ల కాలంలోనే ఆ దుకాణంలో పనికి చేరాడు. రేకు కోయడంలో, మూలలు కలపడంలో ఆయన్ని మించినవాడు లేడు. ఆయన కలిపిన మూలలో సూది మొన కూడా దూరదు. మామగారు ఆ మూలలు చూసే పెద్ద కూతుర్ని ఇచ్చాడని అంటారు. మామగారు పోయాక ఆయన టేకు కుర్చీ ముందుగదిలో ఖాళీగా ఉండిపోయింది. అత్తగారు దాని పక్కనే స్టూలు వేసుకుని దుకాణం నడిపేవారు.

"అందులో ఎవరు కూర్చోవాలో టైమొచ్చినప్పుడు నేనే చెప్తాను" అనేవారు.

ఆ టైము కోసం పెద్దల్లుడు కాచుకుని ఉన్నాడు. రోజూ పొద్దున్నే ఆ కుర్చీ దుమ్ము తనే దులిపేవాడు. చేతులు తుడిచేవాడు, కాళ్ళు తుడిచేవాడు, ఎవరూ లేనప్పుడు వీపు ఆనే చోట చెయ్యి ఆనించి చూసుకునేవాడు. కూర్చునే ధైర్యం మాత్రం చేయలేదు. దుకాణం నడిపేవాడు నువ్వేనని నలుగురి ముందు ఒక్క మాట అనిపించుకుని కూర్చోవాలని ఆయన కోరిక.

అలాంటి సమయంలో చిన్నల్లుడు వచ్చిపడ్డాడు. అంతకుముందు ఆయన ఒక ఫోటో స్టూడియోలో నెగెటివులు ఆనించి చూసే వెలుగు బల్ల ముందు ఏళ్ళ తరబడి కూర్చున్న మనిషి. కంటికి ఆ రోగం అక్కడే అంటింది. స్టూడియో మూతపడితే అత్తగారు దుకాణానికి రమ్మన్నారు. వచ్చిన మొదటిరోజు గుమ్మంలో అడుగుపెడుతూనే తల పైకెత్తి, సీలింగు దీపాన్ని చూసి, "హిక్!" అన్నాడు. అటూ ఇటూ చూశాడు. మామగారి కుర్చీ కనబడింది. బరబరా లాక్కొచ్చి, చెప్పులు విప్పి, దాని మీద ఎక్కి నిలబడ్డాడు.

పెద్దల్లుడు పరుగెత్తుకొచ్చాడు.

"దిగవయ్యా! దిగు! అది మామగారి కుర్చీ!"

"తెలుసన్నయ్యా. ఎత్తు భలే సరిపోయింది."

అత్తగారు చివాట్లు పెడతారని పెద్దల్లుడు ఆశగా చూశాడు. ఆవిడ ముసిముసిగా నవ్వి, "పోనీలెండి అల్లుడుగారూ. ఆయన కూడా బల్బు మార్చాలంటే దాని మీదే ఎక్కేవారు" అన్నారు. తర్వాత చిన్నల్లుడి వైపు తిరిగి, "జాగ్రత్త నాయనా, నువ్వు పడ్డావంటే మా అమ్మాయి నన్ను బతకనివ్వదు" అన్నారు.

ఆ మాటల్లో ఇంకో ముల్లు ఉంది, గమనించారా? పెద్దల్లుడు "అల్లుడుగారూ, మీరు." చిన్నల్లుడు "నాయనా, నువ్వు." ఇన్నేళ్ళు రేకులు కోసి వేళ్ళన్నీ గాట్లు పడ్డ మనిషికి గౌరవం, నిన్నగాక మొన్న వచ్చినవాడికి చనువు! గౌరవం ఎవడిక్కావాలి? ఆ రాత్రి పెద్దల్లుడు అన్నం సరిగ్గా తినలేదు.

"మీ అమ్మ నన్నెప్పుడైనా నువ్వు అందా?" అని భార్యని అడిగాడు.

"మా అమ్మ మిమ్మల్ని నువ్వు అంటే మీరు ఊరుకుంటారా?"

"ఊరుకుంటాను."

"అయ్యో రామా" అని ఆవిడ కంచం తీసేసింది.

ఇక్కడితో పోతే బాగుండేది. కానీ చిన్నల్లుడి ఎక్కిళ్ళకి బజారులో పేరొచ్చింది. దుకాణానికి వచ్చినవాళ్ళు పెట్టె చూసి, "ఎక్కిళ్ళాయన చూశాడా?" అని అడగడం మొదలుపెట్టారు. ఆయన్ని పెట్టె ముందు నిలబెట్టేవారు. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, ఒక కన్ను సగం మూసి, తల కుడికి వంచి, ఎడమకి వంచి, చివరికి నేలమీద వెల్లకిలా పడుకుని కూడా చూసేవాడు. ఎక్కిలి రాకపోతే, "అయితే కట్టేయండి, తీసుకుపోతాం" అనేవారు.

రేకు కోసింది పెద్దల్లుడు. మూలలు కలిపింది పెద్దల్లుడు. అక్షరాలు చెక్కింది పెద్దల్లుడు. పేరేమో ఎక్కిలికి! ఒక బట్టల దుకాణాయన ఇంకో అడుగు ముందుకేసి, "మీకు రావా అండీ ఎక్కిళ్ళు?" అని పెద్దల్లుణ్ణే జాలిగా అడిగాడు.

ఆ మాట పెద్దల్లుడు మర్చిపోలేకపోయాడు. నాలుగు రోజులు పెరట్లో గోడకేసి తిరిగి, ఊపిరి బిగబట్టి, గాలి మింగి, గొంతు ఎగదోసి, ఎక్కిళ్ళు సాధన చేశాడు. ఒక్కటీ రాలేదు. వచ్చినవన్నీ తేనుపులు.

"అజీర్తి చేసిందా?" అని భార్య వాము తెచ్చింది.

"కాదే, పని."

"పెరట్లో ఏం పని?"

"దుకాణం పని" అని వాము నమిలి లోపలికి వెళ్ళిపోయాడు.

చిన్నల్లుడితో బయటికి వెళ్ళడం ఇంకో నరకం. ఎల్‌ఈడీలు కొనడానికి ఇద్దరూ కలిసే వెళ్ళాలని అత్తగారి ఆజ్ఞ. పెద్దల్లుడి పద్ధతి తేలిక. అన్నిటికన్నా ఎక్కువ వెలిగేది ఏదో చూసి, "ఇది కట్టు" అంటాడు. చిన్నల్లుడు అలా కాదు. జేబులోంచి తెల్లకాగితం తీస్తాడు. ఒక పెట్టెలోంచి ఒక దీపం, ఇంకో పెట్టెలోంచి ఇంకో దీపం వెలిగించి, కాగితం వెనక పక్కపక్కన పట్టుకుంటాడు.

"చూడండి, ఇది పాల తెలుపు. ఇది సున్నం తెలుపు. హిక్!"

"తెలుపు తెలుపే కదండీ" అన్నాడు దుకాణాయన దీనంగా.

"ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవండీ. ఒకే పెట్టెలో రెండు తెలుపులూ అంతే. హిక్! అన్నీ ఒకే విడతలో వచ్చిన సరుకు తియ్యండి."

ఒరలో కత్తుల సామెత తనని ఉద్దేశించే అన్నాడని పెద్దల్లుడు ఆటోలో దారంతా మూతి ముడుచుకున్నాడు. చిన్నల్లుడు మాత్రం, సంచీ ఒళ్ళో పెట్టుకుని, వచ్చేపోయే బోర్డులకి ఎక్కిళ్ళు పెడుతూ హాయిగా కూర్చున్నాడు.

ఒకసారి రెండు కుటుంబాలూ సినిమాకి వెళ్ళాయి. తెర మీద కథానాయిక తండ్రి చచ్చిపోతున్నాడు. హాలంతా ముక్కులు చీదుకుంటోంది. సరిగ్గా అప్పుడు, "హిక్!"

"ష్ష్" అన్నారు ముందువాళ్ళు.

"హిక్! క్షమించండి. తెర ఎడమ మూల కాస్త మసగ్గా... హిక్!"

"ఆయన చచ్చిపోతుంటే నీకు మూలలు కావాలా?" అని వెనకాయన కయ్యిమన్నాడు. చివరికి చిన్నల్లుడు కళ్ళకి జేబురుమాలు కట్టుకుని మిగతా సినిమా విన్నాడు. ఇంటికొచ్చాక అత్తగారు పడీ పడీ నవ్వారు. అంతకుముందు వారం పెద్దల్లుడు చెప్పిన జోకుకి ఆవిడ అంత నవ్వలేదు. అదీ మనసులో గుచ్చుకుంది.

అన్నిటికన్నా విసుగు చిన్నల్లుడి పాఠం. షెడ్డులో ఎవరు కనబడితే వాళ్ళకి పొద్దస్తమానం అదే పాఠం అప్పజెప్పేవాడు. "పెట్టె ఎంత లోతో..." అని మొదలుపెట్టేవాడు. మొదటి మూడు మాటలు వినగానే పెద్దల్లుడు డ్రిల్లు మీట నొక్కేవాడు. గుర్ర్ర్ మనే ఆ చప్పుడులో మిగతా పాఠం కొట్టుకుపోయేది. చిన్నల్లుడు పెదాలు ఆడిస్తూనే ఉండేవాడు, పెద్దల్లుడు అవసరం లేని చోట కూడా బెజ్జాలు వేస్తూనే ఉండేవాడు.

"సాయంత్రం అయ్యేసరికి బజారులో పడతాడు చూశావా? ఎవరి బోర్డుకి వంక పెడదామా అని" అన్నాడు ఒకరోజు పెద్దల్లుడు భార్యతో.

"వంకేముంది? దర్జీ ముసలాయన బోర్డు సగం ఆరిపోతే మరిదిగారే దీపాలు కొని మార్చి వచ్చారట."

"పేరు కోసం."

"పేరు కోసమైతే ఎవరికీ చెప్పొద్దని దర్జీకి ఎందుకు చెప్తారండీ?"

"మరి నీకెలా తెలిసింది?"

"దర్జీ భార్య చెప్పింది."

పెద్దల్లుడు దుప్పటి లాక్కున్నాడు. "ఆ దర్జీ కుట్టే చొక్కాలు బిగుతు" అని అటు తిరిగి పడుకున్నాడు.

ఇలా ఉండగా కంటి డాక్టరమ్మ దుకాణానికి వచ్చింది. అత్తగారి ఎడమ కంట్లో పొర ముదిరింది, కుడికన్ను కూడా అంతంతమాత్రమే. పై వారం ఆపరేషన్ చేసేది ఆవిడే.

"మా వరండా గోడకి లైట్ బాక్సు కావాలి. పచ్చటి చేను బొమ్మ. కట్టు విప్పగానే మనిషి మొదట చూసేది అదే అవ్వాలి" అంది డాక్టరమ్మ. "దారి ఇరుకు కాబట్టి పెట్టె రెండు వేళ్ళ మందం మించకూడదు. ఇంకోటి. అందులో ఒక్క మచ్చ ఉండకూడదు. కట్టు విప్పగానే మచ్చలు కనబడితే మనిషి తన కన్నే పోయిందనుకుని గోల పెడతాడు."

"మొదట చూసేది నేనేనేమో" అన్నారు అత్తగారు.

పెద్దల్లుడికి టైమొచ్చిందనిపించింది. డాక్టరమ్మ వెళ్ళీవెళ్ళగానే గొంతు సవరించుకున్నాడు.

"అత్తయ్యా, ఈ పెట్టె నాకొక్కడికే వదిలేయండి. తమ్ముడు చెయ్యి పెట్టకూడదు."

అత్తగారు కాసేపు ఆ కుర్చీ వైపు చూశారు. "సరే అల్లుడుగారూ. మచ్చ లేకుండా వెలిగించండి, కుర్చీలో మీరే కూర్చోండి."

"మచ్చ ఉందో లేదో ఎవరు చెప్తారు?"

"నాకెలాగూ ఆనదు. చిన్నవాడే చెప్తాడు."

పెద్దల్లుడి గొంతులో వెలక్కాయ పడింది. అంటే తన కుర్చీ వెళ్ళి వెళ్ళి వాడి గొంతులో చిక్కుకుందన్నమాట! పెట్టె ఎంత బాగా చేసినా వాడు కావాలని ఒక దొంగ ఎక్కిలి పెడితే? కుర్చీ కోసం ఎవడైనా పెడతాడు. వాడి స్థానంలో తనే ఉంటే... ఆ ఆలోచన అక్కడే ఆపేశాడు.

రేకు పని మాత్రం అద్భుతంగా చేశాడు. రెండు వేళ్ళ లోతు పెట్టె, తలుపు రెక్కంత పొడవు, మూలలు చెయ్యి పెడితే జారిపోయేంత నునుపు. ఇక దీపాలు ఎక్కడెక్కడ పెట్టాలన్నది మిగిలింది. అక్కడే దుర్బుద్ధి పుట్టింది. చిన్నల్లుడు ప్రతి పెట్టెకీ దీపాల చోట్లు గుర్తుపెట్టి, బెజ్జాలు వేసి, ఒక అట్ట మూస చేసుకునేవాడు. పని అయ్యాక ఆ అట్టలు షెడ్డు అటక మీద పడేసేవాడు. అందులో పుస్తకాల దుకాణం పెట్టెకి చేసిన మూస ఒకటుంది. ఆ పెట్టె ముందు చిన్నల్లుడు ఒక సాయంత్రమంతా నిలబడినా ఒక్క ఎక్కిలీ రాలేదు. అంతకన్నా గొప్ప మూస ఏముంటుంది?

చిన్నల్లుడు భోజనానికి వెళ్ళిన సమయం చూసి పెద్దల్లుడు అటకెక్కాడు. అట్ట దింపి, పెట్టెలో పరిచి, బెజ్జం బెజ్జంలోనూ గుర్తు పెట్టి, మళ్ళీ దుమ్ముతో సహా అటకెక్కించాడు. దీపాలు బజారులోకల్లా ఎక్కువ వెలిగేవి తెచ్చాడు. వెలుతురు ముంచెత్తితే మచ్చ ఎక్కడ దాక్కుంటుందని ఆయన లెక్క. పైగా, పెట్టె లోపలంతా అద్దంలా మెరిసే వెండి కాగితం అతికించాడు.

"అన్నయ్యా, పెట్టె ఎంత లోతో..." అంటూ చిన్నల్లుడు షెడ్డులోకి తొంగిచూశాడు.

గుర్ర్ర్.

మధ్యాహ్నం ఎండలో షెడ్డు తలుపులన్నీ తీసిపెట్టి పెట్టె వెలిగించి చూసుకున్నాడు. పట్టపగలు దీపం ఎలా కనబడుతుందో అలాగే కనబడింది, అంటే బ్రహ్మాండంగా. మురిసిపోయి వెళ్ళి కుర్చీ ఇంకోసారి తుడిచాడు.

సాయంత్రమైంది. షట్టరు సగం దించారు. పెట్టెని షెడ్డు గోడకి ఆనించి నిలబెట్టారు. ఎదురుగా స్టూలు మీద అత్తగారు, పక్కన పెద్దల్లుడి భార్య, చేతులు వెనక్కి కట్టుకుని చిన్నల్లుడు. పెద్దల్లుడు స్విచ్చి వేశాడు.

పచ్చటి చేనుకి తట్టు పోసింది.

వరసలు వరసలుగా, గుండ్రంగా, తెల్లగా, చేను నిండా చుక్కలు. చుక్కకీ చుక్కకీ మధ్య చీకటి. నాలుగు మూలలూ నల్లగా. ఆ పుస్తకాల దుకాణం పెట్టె జానెడు లోతుది. ఆ లోతులో జానెడు దూరంలో పెట్టిన దీపాలు ఒకదాని వెలుగులో ఒకటి కలిసిపోయాయి. ఇది రెండు వేళ్ళ లోతు. కలవడానికి చోటేదీ? ఏ దీపానికి ఆ దీపం విడివిడిగా షీటుకి ముఖం ఆనించి నిలబడింది. వెండి కాగితం ఆ ముఖాలకి మెరుగు కూడా పెట్టింది. పెద్దల్లుడి భార్య చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దల్లుడు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

"నాకంతా ఒకే మసకగా ఉంది" అన్నారు అత్తగారు కళ్ళు చికిలించి. "నువ్వు చెప్పు నాయనా. మచ్చ ఉందా?"

చిన్నల్లుడు చూశాడు. గొంతు ముడి పైకి లేచింది. ఆయన దాన్ని మింగాడు. మళ్ళీ లేచింది, మళ్ళీ మింగాడు. ముఖం ఎర్రబడింది, చెంపలు ఉబ్బాయి, కళ్ళమ్మట నీళ్ళు తిరిగాయి. పెద్దల్లుడు కళ్ళు మూసుకున్నాడు. ఎక్కిలి వస్తుంది, కుర్చీ పోతుంది, పోనీ వచ్చెయ్యమను అనుకున్నాడు.

"లేదత్తయ్యా" అన్నాడు చిన్నల్లుడు సన్నగా. "ఒక్క మచ్చ లేదు. అన్నయ్య పని దివ్యంగా ఉంది."

పెద్దల్లుడు కళ్ళు తెరిచాడు. సినిమా తెర మూలని కూడా క్షమించని మనిషి! సున్నం తెలుపుతో రాజీపడని మనిషి! తను విన్నది నిజమా అని భార్య వైపు చూశాడు. ఆవిడ కూడా నోరు తెరుచుకునే ఉంది.

సరిగ్గా అప్పుడే, "హిక్!"

గోడకానించిన రేకులు గలగలమన్నాయి.

"ఏమిటి నాయనా అది?" అన్నారు అత్తగారు.

"ఏం లేదత్తయ్యా. ఎవరో తలుచుకుంటున్నారు. హిక్!"

"ఎవరో?"

"చిన్నప్పటి స్నేహితుడు... హిక్!... అయి ఉంటాడు. హిక్! హిక్!"

"ఒక్కడు కాదులా ఉంది, బడి బడంతా తలుచుకుంటున్నట్టుంది" అన్నారు అత్తగారు. పెద్దల్లుడి వైపు తిరిగి, "అయితే అల్లుడుగారూ, వెళ్ళి కుర్చీలో కూర్చోండి" అన్నారు.

పెద్దల్లుడు ముందుగదిలోకి నడిచాడు. కుర్చీ తళతళలాడుతూ ఉంది, పొద్దుటి నుంచి ఎన్నిసార్లు తుడిచాడో! వెనకే కుండ దగ్గరికి మంచినీళ్ళ వంకతో చిన్నల్లుడు వచ్చాడు. తెరిచిన తలుపులోంచి పెట్టె ఇంకా కనబడుతూనే ఉంది.

"అన్నయ్యా, హిక్, మీరేం కంగారుపడకండి. పొద్దున్నే నేను ముందొచ్చి సర్దేస్తాను. హిక్! అత్తయ్యకి తెలియనే తెలియదు. మీరు కూర్చోండి. హిక్! ఇన్నాళ్ళూ తుడుచుకున్నారు కదా."

"నువ్వు చూశావా తుడవడం?"

"అందుకే ఎక్కేటప్పుడు చెప్పులు విప్పుతాను. హిక్!"

పెద్దల్లుడికి చచ్చేంత సిగ్గేసింది. కుర్చీ కోసం వీడు దొంగ ఎక్కిలి పెడతాడని తను భయపడ్డాడు. వీడేమో నిజం ఎక్కిలి కడుపులో దాచుకోబోయి ఊపిరాడక అవస్థ పడుతున్నాడు. ఎంత కుళ్ళు మనిషికైనా అంతకన్నా ఎక్కువసేపు కుళ్ళుకోవడం కుదరదు. ఆయన వంగి, మామగారి కుర్చీని రెండు చేతులా ఎత్తి, గుండెకి ఆనించుకుని, షెడ్డులోకి మోసుకొచ్చి పెట్టె ముందు దించాడు.

"అదేమిటల్లుడుగారూ, కూర్చోలేదే?" అన్నారు అత్తగారు.

"కూర్చుంటే పై వరస కనబడదత్తయ్యా." చిన్నల్లుడి వైపు తిరిగాడు. "తమ్ముడూ, ఎక్కు. ఎక్కడెక్కడున్నాయో చూపించు. దీన్నిండా మచ్చలే. నీ మూస దొంగిలించి చేశాను."

చిన్నల్లుడు ఎక్కిళ్ళు పెడుతూనే ఉన్నాడు. అత్తగారు తల పంకించారు.

"నాకు కంట్లో పొరగానీ చెవుల్లో లేదు. మొదటి ఎక్కిలికే తెలిసింది" అన్నారు. "సరేలే పెద్దల్లుడూ. ముందు నువ్వెళ్ళి వాడికి మంచినీళ్ళు తెచ్చివ్వు."

నువ్వు! పెద్దల్లుడు ఆ మాట దగ్గరే ఆగిపోయాడు.

"వింటున్నావా?"

"వింటున్నానత్తయ్యా. ఇంకోసారి అనండి."

"నీళ్ళకి తగ్గవన్నయ్యా" అన్నాడు చిన్నల్లుడు కుర్చీ ఎక్కుతూ. "ముందా స్విచ్చి ఆపండి. హిక్!"

స్విచ్చి ఆపారు. ఎక్కిళ్ళు టక్కున ఆగిపోయాయి.

మర్నాడు ఇద్దరూ కలిసి పెట్టె విప్పారు. వెండి కాగితం పీకేశారు. లోపల మెరుపు లేని తెల్లరంగు పూశారు. "పెట్టె ఎంత లోతో..." అని చిన్నల్లుడు అలవాటు కొద్దీ మొదలుపెట్టి, అలవాటు కొద్దీ డ్రిల్లు వైపు చూశాడు. పెద్దల్లుడు డ్రిల్లు పక్కన పెట్టి చేతులు కట్టుకున్నాడు.

"చెప్పు. లోతెంతో?"

"పెట్టె ఎంత లోతో దీపానికీ దీపానికీ మధ్య దూరం అంతే ఉండాలి. ఇంకాస్త తక్కువైనా తప్పులేదు. అంచు దగ్గరకొచ్చేసరికి అందులో సగం. అప్పుడు మూలలు నల్లబడవు."

"ఇంతేనా?"

"ఇంతే అన్నయ్యా. రోజూ చెప్తూనే ఉన్నాగా."

"డ్రిల్లు చప్పుడులో వినబడలేదు" అన్నాడు పెద్దల్లుడు నేల చూస్తూ.

పెద్ద వెలుగు దీపాలు తీసేసి, వెలుగుని గొడుగులా నాలుగు వైపులా విరజిమ్మే చిన్న దీపాలు తెచ్చారు. అన్నీ ఒకే విడత సరుకు, పాల తెలుపు. రెండేసి వేళ్ళ దూరంలో వరసగా అతికించారు. చివరి దీపాలకి కరెంటు చేరేసరికి నీరసించకుండా తీగలు రెండు వైపుల నుంచీ ఇచ్చారు. వెలిగించాక చిన్నల్లుడు నిలబడి చూశాడు, కుర్చీ ఎక్కి చూశాడు, వెల్లకిలా పడుకుని చూశాడు. పక్కనే పెద్దల్లుడు కూడా పడుకున్నాడు. ఎక్కిలి రాలేదు.

అత్తగారి కంటికి కట్టు విప్పిన రోజు ఇద్దరల్లుళ్ళూ వరండాలో పెట్టెకి చెరో పక్కా నిలబడ్డారు.

"ఏం కనబడుతోందమ్మా?" అంది డాక్టరమ్మ.

"చేను. పచ్చగా ఉంది, మచ్చ లేదు" అన్నారు అత్తగారు. తర్వాత అటూ ఇటూ చూసి, "ఇంత తిండి పెడుతున్నా పెద్దవాడు చిక్కిపోయాడేమిటి? ఏరా, నువ్వు సరిగ్గా తినట్లేదా?" అన్నారు.

నువ్వు దాటి "ఏరా" దాకా వచ్చింది! పెద్దల్లుడు ఆ పూట రెండుసార్లు తిన్నాడు.

కుర్చీ సంగతి అడుగుతారేమో, అది పెద్దల్లుడిదేనని అత్తగారు నలుగురి ముందూ చెప్పారు. అయితే అందులో ఆయన కూర్చునే వేళ తక్కువ. ఎక్కువసేపు దాని మీద చిన్నల్లుడి పాదాలే ఉంటాయి. పెద్దల్లుడు కింద నిలబడి కుర్చీ కదలకుండా పట్టుకుంటాడు, తర్వాత తుడుచుకుంటాడు.

అంతమాత్రాన కుళ్ళు పూర్తిగా పోయిందని ఎవరూ అనుకోవద్దు. మొన్న సాయంత్రం భార్యతో బజారులో నడుస్తున్నాడు. వేరే ఎవరో చేసిన కొత్త బోర్డు ఒకటి వెలిగింది. మధ్యలో భగ్గుమని, అంచులు వెలవెలబోతూ. పెద్దల్లుడి గొంతులో ఏదో కదిలింది.

"హిక్!"

ఆయన నడిరోడ్డు మీద ఆగిపోయాడు. పెరట్లో నాలుగు రోజులు గాలి మింగినా రానిది, పిలవకుండా వచ్చింది! ఆనందంతో ముఖం ఆ బోర్డుకన్నా బాగా వెలిగింది.

"విన్నావా? విన్నావుటే? వచ్చింది!"

"ఎవరో తలుచుకుంటున్నారండీ" అంది భార్య.

"ఎవరూ కాదు! మచ్చ! చూడు, ఆ మధ్యలో! హిక్! ఎలా ఉంది?"

ఆవిడ ఆగి, శ్రద్ధగా విని, తల అటూ ఇటూ ఊపింది.

"బాగానే ఉంది గానీ, మరిదిగారిదంత గట్టిగా లేదండీ."

పెద్దల్లుడు ఇంటికి వచ్చేదాకా ఆవిడతో మాట్లాడలేదు.